దీవుల హోటల్లో మా మామ

పోయిన వారం డ్యూటీలో ఉండగా నా ఫోనుకు ఒక మెసేజీ వచ్చింది. "ప్రియమైన వీపనగండ్ల గారూ, మా దీవి మిమ్మల్ని మళ్లీ పిలుస్తోంది. పూలదండతో ఎదురుచూస్తున్నాం" అని. కింద ఒక కొబ్బరిచెట్టు బొమ్మ, చెట్టు పక్కన నోరు తెరుచుకున్న చెక్క మొహం. ఇంజెక్షన్ల ట్రే చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. పక్క సిస్టరు పరేషానై "ఏమైందక్కా?" అంటే ఏం చెప్పను? ఒక్క ముక్కలో చెప్పి ముగించే మనిషా ఆయన?

వీపనగండ్ల గారంటే మా మామ. పోయి మూడు నెలలైంది. బతికున్నన్నాళ్లూ ఎవరు పేరడిగినా ఊరి పేరే చెప్పేవాడు. రేషన్ షాపులోనూ అంతే, బస్సులో పక్క సీటు మనిషికీ అంతే. ఈ మెసేజీ పంపిన హోటలు పుస్తకంలో పేరు రాసుకునేటప్పుడు కూడా "వీపనగండ్ల అని రాయి" అన్నాడు, వాళ్లు బుద్ధిగా అలాగే రాసుకున్నారు. నంబరు మాత్రం నాది ఇచ్చాడు. అందరి పేర్లూ, వాళ్ల తాతల పేర్లూ కూడా కూపీ లాగే మనిషి తన పేరు దగ్గర ఎందుకు అంత పిసినారితనం చేసేవాడో నాకు తెలియదు. సరే, నేనూ ఇక్కడ ఆయన పేరు రాయను.

మా అమ్మకు స్వయానా అన్న. పొలమంటూ చెప్పుకోవడానికి లేదు. వయసులో ఉన్నప్పుడు గుంపు మేస్త్రి వెంట రైలెక్కి, ఎక్కడ ఆనకట్ట కడుతుంటే అక్కడికి, ఎక్కడ కాల్వ తవ్వుతుంటే అక్కడికి పోయి మట్టి మోశాడు. పాలమూరు లేబరంటే దేశమంతటికీ ఎరుకే కదా. మిగతావాళ్లు ఆ దూరపు ఊళ్ల నుంచి చీరలు, ఇత్తడి బిందెలు తెచ్చుకుంటే మా మామ సంగతులు తెచ్చుకునేవాడు. ఒకచోట పెనం బోర్లించి రొట్టె కాలుస్తారని, ఒకచోట పెళ్లికొడుకు మొహం కనపడకుండా పూలు వేలాడగడతారని, ఒకచోట చేపను ఎండబెట్టి ఏడాదంతా తింటారని. చెప్పి ఊరుకోడు. "ఎందుకంటవు?" అని మన మొహంలోకి చూస్తాడు. మనకు తెలిస్తే కదా!

ఏ వస్తువు ఇచ్చినా ముందు బోర్లించి చూసేవాడు. కుర్చీ వేస్తే కూర్చునే ముందు ఎత్తి అడుగు చూడాలి. "పైన అందరు మంచిగనే చేస్తరు బిడ్డా. పనోని పనితనం అడుగున తెలుస్తది" అనేవాడు. నా పెళ్లి సంబంధం చూడటానికి మావాళ్లతో పోయి, పిల్లవాడి గురించి ఒక్క మాట అడగలేదు గానీ వాళ్ల నవారు మంచం మాత్రం తిరగేసి చూశాడట. మా అత్త ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. "మీ మామ పిల్లగాన్ని చూడనీకె వచ్చిండా, మా ఇంట్ల నల్లులు దేవులాడనీకె వచ్చిండా?" అని.

చర్చిలో పాస్టరు గారికి మా మామను చూస్తే వణుకు. ప్రసంగం అయ్యాక అందరూ ప్రార్థన చేయించుకోవడానికి పోతే ఈయన ప్రశ్న పట్టుకుని పోయేవాడు. ఒకసారి పరలోకం మీద ప్రసంగం అయింది. "అయ్యగారూ, ఆడ ఏం పనుంటది?" అన్నాడు. పని ఉండదు, విశ్రాంతే అన్నారు పాస్టరు. "పని లేకుంట ఎట్ల పొద్దు పోతది? మట్టి గిట్ల ఉంటదా ఆడ?" అన్నాడు. ఆయన పాపం, ప్రార్థన చేసి చెప్తాను అన్నారు. ఇంకా చెప్పినట్టు లేదు.

మా దవాఖానకు తీసుకొస్తే నా ఇజ్జత్ పోయేది. రక్త పరీక్షకు పంపిస్తే గంటసేపు రాలేదు. నేను పరుగెత్తుకుని పోయి చూస్తే ల్యాబులో యంత్రం మీద వంగి, ఒక కన్ను మూసి, ఒక కన్ను దానికి ఆనించి నిలబడి ఉన్నాడు. ల్యాబు ఆయన చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. "మామా, ఏంది ఇది?" అని అరిచాను. "నా రక్తం నేను చూసుకుంటే తప్పేంది?" అన్నాడు తల ఎత్తకుండా. ఆ తర్వాత ఊళ్లో కనపడ్డవాడికల్లా చెప్పాడు, తన రక్తంలో గుండ్రటి గుండ్రటి బిళ్లలున్నాయని, నడుమ సొట్ట పడి ఉన్నాయని. "అందరియి గట్లనే ఉంటయంట. ఊరి పటేల్‌వి గూడ గట్లనేనంట" అని చివర కలిపేవాడు. అప్పుడు నేను ఆ మాటను పట్టించుకోలేదు.

ఇంత వింత మనిషికి ఒక్క విషయంలో మాత్రం కుతూహలం లేదు. హోటలు. బయట హోటల్లో ఆయన ఒక్క చుక్క ఏదైనా తాగగా నేను చూడలేదు. ఇంట్లో పొద్దున లేస్తే మూడు గ్లాసుల చాయ్ కావాలి, అదీ అంచుల దాకా. అదే మనిషి వనపర్తి బస్టాండులో, ఎండలో రెండు గంటలు బస్సు కోసం నిలబడ్డా చాయ్ ముట్టడు. నేను కొనిచ్చినా ముట్టడు. "అలవాటు లేదు బిడ్డా" అంటాడు. నేను పిసినారితనం అనుకున్నాను. తర్వాత్తర్వాత శుభ్రం పిచ్చి అనుకున్నాను. మేనమామను గురించి ఇంతకంటే మంచిగా అనుకోవాలని నాకు తోచలేదు, అంతే.

ఇక ఆ ఆదివారం.

మా బిడ్డ గద్వాలలో డిగ్రీ చదువుతుంది. దాని పుట్టినరోజు. ఫోన్లో ఏవో వీడియోలు చూసి, కర్నూలు వైపు హైవే మీద కొత్తగా తెరిచిన పెద్ద హోటల్లో భోజనం చేద్దామని నెల రోజుల నుంచి నా ప్రాణం తీస్తోంది. అక్కడ లోపలంతా సముద్రం నడుమ దీవిలా ఉంటుందట. మా ఆయనకు ఆ రోజు డ్యూటీ. సరే, మేమిద్దరమే పోదామనుకుంటుంటే చర్చి నుంచి వచ్చేసరికి గడప మీద మా మామ కూర్చుని ఉన్నాడు. కంటి పరీక్షకని వచ్చాడు, ఆదివారం డాక్టరు ఉండడని మరిచిపోయాడు. ఒళ్లో పచ్చి పల్లికాయల మూట. "మీరు పోయి రాండ్రి, నేను ఈడ ఒలుసుకుంట కూసుంట" అన్నాడు. మా బిడ్డ వింటుందా? "తాతా, అక్కడ చెక్క దేవుళ్లుంటరు" అంది. అంతే, మామ లేచి తువ్వాలు దులిపాడు.

గుమ్మంలోనే పూల చొక్కా వేసుకున్న ఒక నడివయసు వెయిటరు ఎదురొచ్చి గుడ్డపూల దండ మామ మెడలో వెయ్యబోయాడు. మామ రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాకెందుకు దండ? ఎలచ్చన్లు గిట్ల వచ్చినయా?"

"అలోహా, తాతా" అన్నాడు వెయిటరు నవ్వుతూ.

"అంటే ఏంది?"

"నమస్తే లెక్క."

"యాడి నమస్తే?"

"ఏమో తాతా. అనమన్నరు, అంటున్న."

మామకు ఆ జవాబు బాగా నచ్చింది. దండ వేయించుకున్నాడు. మేము బల్ల దగ్గరికి చేరేలోపల ఆ వెయిటరుది మానవపాడు పక్క ఊరని, రెండెకరాల మిరప చేను ఉందని, బోరు ఎండిపోయి రెండేళ్లయిందని, ఇక్కడ చేరి ఐదు నెలలని తెలుసుకున్నాడు. ఆ మనిషి కూడా ఎవరో అడిగితే చెప్పుకుందామని ఎదురుచూస్తున్నట్టే చెప్పాడు.

హోటలు లోపల నిజంగా తమాషాగానే ఉంది. వెదురు గోడలు, నెత్తి మీద గడ్డి కప్పు, మూలకొక చిన్న నీళ్ల ధార, దాని పక్కన మనిషెత్తు చెక్క విగ్రహాలు. పెద్ద పెద్ద కళ్లు, అంత నోరు, నోట్లో పళ్లు. మామ కూర్చోకుండా ముందు కప్పు చూశాడు. కుర్చీ ఎక్కబోతే నేను చొక్కా పట్టి లాగాను. చెయ్యి ఎత్తి, అంచున కిందికి వేలాడే ఒక పోచ పీకి, వేళ్లతో నలిపి, వాసన చూశాడు.

"గడ్డి గాదు బిడ్డా, పిలాస్టిక్. పైన స్లాబు ఉంది, స్లాబు కింద గుడిసె ఏసిండ్రు." పోచను నా చేతిలో పెట్టాడు. "మనం గుడిసెలకెళ్లి స్లాబు కిందికి రానీకె పానం పోయె. వీళ్లు స్లాబు కట్టి మల్ల గుడిసెల కూసుంటుండ్రు. ఎందుకంటవు?"

"అన్నం తిననీకె మామా. కూసో" అన్నాను.

కూర్చున్నాడు గానీ చూపు విగ్రహం మీదే. వెయిటరును పిలిచాడు.

"ఈయన ఏ దేవుడు?"

"డెకరేషన్ తాతా."

"పేరు?"

"పేరు లేదు. లారీల వచ్చింది."

"ఏమన్న పెట్టిండ్రా ఆయనకు?"

"ఎవరికి?"

"ఆయనకే. పొద్దటికెళ్లి నోరు తెర్సుకొని ఉన్నడు గదా. మీరేమో ఆయన ముందట ఇంతమందికి వడ్డిస్తుండ్రు."

వెయిటరు పగలబడి నవ్వాడు. మా బిడ్డ ఫోన్ తీసి వెతికి చెప్పింది. ఎక్కడో మహాసముద్రం నడుమ చిన్న చిన్న దీవులున్నాయని, ఇవి అక్కడి వాళ్ల దేవుళ్ల బొమ్మల్లాంటివని, వాళ్లు చుక్కల గుర్తు పట్టి పడవల మీద నెలల తరబడి ప్రయాణం చేసేవాళ్లని. మామ రెండు మోచేతులూ బల్ల మీద పెట్టి నోరు తెరుచుకుని విన్నాడు. నీళ్లు ఎట్లా తీసుకుపోయేవాళ్లు, మబ్బు పట్టిన రోజు చుక్కలు ఎట్లా కనపడేవి, పడవలో ఆడవాళ్లు కూడా ఉండేవాళ్లా అని అడిగాడు. దానికి తెలిసింది చెప్పింది, తెలియనిది వెతికి చెప్పింది. వాళ్లిద్దర్నీ చూస్తుంటే నాకు కడుపు నిండినట్టే ఉంది. మంచి పనే చేశాను, ముసలాయన్ని తీసుకొచ్చాను అనుకున్నాను.

"మరి వాళ్లకు ఎర్కనా, వాళ్ల దేవున్ని తెచ్చి గీడ నిలబెట్టిండ్రని?" అన్నాడు చివరికి.

అప్పుడు తాగడానికి తెచ్చారు. మా బిడ్డే చెప్పింది ముందు, అనాస పండు, కొబ్బరిపాలు కలిపిన రసం. వెయిటరు ట్రే దించి మా ముగ్గురి ముందూ ఒక్కొక్కటి పెట్టాడు. నున్నగా చెక్కిన కొబ్బరి చిప్పలు. చిప్ప నిండా పసుపుపచ్చటి రసం, పైన కాగితం గొడుగు, పక్కన పువ్వు. మా బిడ్డ "వావ్" అని ఫోటో తీసుకుంది.

మామ మాట ఆగిపోయింది. అది నేను వెంటనే గమనించలేదు. మెనూ చూస్తున్నాను. కాసేపటికి చెవికి ఏదో లోటుగా తోచి తలెత్తితే, ఆయన రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుని ఆ చిప్పనే చూస్తున్నాడు.

"బిడ్డా, నీకు గూడ చిప్పలనే ఇచ్చిండ్రా?"

"ఆ, ఇక్కడ అందరికీ గట్లనే ఇస్తరు మామా."

"అందరికా?"

నేను అవునన్నాను. ఆయన నమ్మలేదు. లేచాడు. బల్లల నడుమ నడుచుకుంటూ ఒక్కొక్క బల్ల దగ్గర ఆగి, మెడ చాచి, వాళ్లు దేంట్లో తాగుతున్నారో చూశాడు. తెల్ల చొక్కా, మెడలో లావుపాటి బంగారు గొలుసు వేసుకున్న ఒకాయన మొహం చిట్లించి "ఏంది పెద్దమనిషీ, ఏం కావాలె?" అన్నాడు. "ఏం లే సారూ, మీరు తాగుండ్రి" అని, అక్కడే నిలబడి, ఆయన తాగేదాకా చూసి మరీ కదిలాడు. నాకు తల తీసేసినట్టయింది. పోయి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"ఏంది మామా నువ్వు? ఒకరి నోట్లెకు గట్ల చూస్తరా? నిన్ను యాడికి తోల్కపోయినా గిదే గోస!"

అన్నాను. నా నోటితోనే అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నా నాలుకను కోసుకోవాలనిపిస్తుంది.

మామకు కోపం రాలేదు. ఆశ్చర్యంగా నా మొహంలోకి చూసి "అందరికి చిప్పలే బిడ్డా. ఆ సారుకు గూడ" అన్నాడు.

"అయితే ఏంది తాతా?" అని మా బిడ్డ అడిగింది. అది అడిగింది కాబట్టి చెప్పాడు. నేను నలభై నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

"మన ఊర్ల బస్సు ఆగేకాడ హోటలుండె. ఊరోళ్లకు గ్లాసులు. మన కులపోళ్లకు చిప్ప. గిట్ల నున్నగ ఉండకపోతుండె, పీచు ఉంటుండె. చూర్ల చెక్కి పెడుతుండ్రి. మనమే తీస్కోవాలె, బయట కూసోవాలె. ఆయన తాకకుంట పైకెళ్లి పోస్తుండె. తాగినంక తొట్టికాడ కడిగి మల్ల మనమే చూర్ల చెక్కాలె. ఎవరి చిప్ప వాళ్లే కడగాలె. మనం తాగింది వాళ్లు ముట్టరు గదా."

ఏదో దూరపు ఊరి వింత చెప్పినట్టే చెప్తున్నాడు, పెనం బోర్లించి రొట్టె కాల్చే ఊరి సంగతి చెప్పినట్టు.

"అప్పుడు నాకు బాధ గూడ తెల్వదు. చాయ్ అంటె చిప్పలనే ఉంటదనుకున్న. ఆనకట్ట పనికి పోయినంక ఆడ గ్లాసుల ఇచ్చిండ్రు. ఎవరు ఏందని అడగలే. నాలుగేండ్లు తాగిన గ్లాసుల. తాగి తాగి ఇంటికొచ్చిన. బస్సు దిగి, హోటలుకు పోయి, గ్లాసు అడిగిన. ఆయన ఒక్క మాట అనలే. చూరు దిక్కు చెయ్యి చూపిండు."

"అప్పుడేం చేసినవు తాతా?"

"ఎనక్కి తిరిగిన. గంతే. అప్పటికెళ్లి ఏ హోటల్ల నోరు పెట్టలే."

"ఇప్పుడు అందరికీ గ్లాసులే గదా?"

"ఇప్పుడిస్తరు. ఆ హోటలే లేదు ఇప్పుడు. కానీ నాకు గొంతు దిగది బిడ్డా. పట్టు అనుకో, ఏమన్న అనుకో."

మా అమ్మ ఇవేవీ చెప్పలేదు. పుస్తకం పట్టుకుని చదువుకోమంది, నర్సు ట్రైనింగుకు పంపింది, పంపేటప్పుడు కొత్త స్టీలు గ్లాసొకటి కొనిచ్చింది. బస్టాండులో చాయ్ వద్దన్నప్పుడల్లా నేను "పైసలు నేనిస్త లే మామా" అని ఎకసెక్కాలాడాను. ఆయన నవ్వేవాడు. ఒక్కసారైనా ఇదీ సంగతి అని నా మొహాన కొట్టలేదు. సిగ్గూ, కోపమూ రెండూ ఒకేసారి వచ్చాయి నాకు. ఎవరి మీద అంటే ఏం చెప్పను? ఇవాళ మా ముందు చిప్పలు పెట్టిన ఈ హోటలు వాళ్లకు ఏమీ తెలియదు. ఆ దీవుల వాళ్లకు అంతకంటే తెలియదు. తెలిసి ఉండాల్సిందాన్ని నేను.

"లే మామా, పోదాం. ఇంట్ల అన్నం వండుత" అని పర్సు తీశాను. మా బిడ్డ కళ్లనిండా నీళ్లతో "మేనేజర్‌ను పిలుస్త" అని లేచింది.

"ఉండుండ్రి" అన్నాడు మామ. "ఒక మాట అడగాలె."

పూల చొక్కా వెయిటరు వచ్చాడు.

"నాయినా, తాగినంక ఈ చిప్పలు ఎవరు కడుగుతరు?"

"మేమే తాతా, లోపల."

"ఎవరి చిప్ప వాళ్లు కడగద్దా?"

"అయ్యో, మీరెందుకు కడుగుతరు తాతా! మీరు తాగి ఆడ పెట్టుండ్రి, మేం తీస్తం" అని ఆయన ఇంకో బల్లకు పోయాడు. తమాషాకు అడిగాడనుకున్నాడు.

మామ పక్క బల్లల మీద ఖాళీ చిప్పలున్నాయేమో అని చూశాడు. ఎవరివీ అయిపోలేదు. చివరికి కాగితం గొడుగు తీసి మా బిడ్డకు ఇచ్చాడు. పువ్వు తీసి బల్ల మీద పెట్టాడు. పీల్చే గొట్టం తీసి పక్కన పెట్టాడు. చిప్పను రెండు చేతులతో ఎత్తాడు. ఎత్తి, అలవాటు ఎక్కడికి పోతుంది, తల వంచి అడుగు చూశాడు. ఇంత రసం చొక్కా మీద ఒలికింది. తర్వాత నోటికి ఆనించి, కళ్లు మూసుకుని, దించకుండా తాగాడు. ఆయన గొంతు కదులుతుంటే నేను చూస్తూ ఉన్నాను. మా బిడ్డ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఖాళీ చిప్ప బల్ల మీద పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, "తియ్యగ ఉంది" అన్నాడు.

తర్వాత భోజనం వచ్చింది. అనాస ముక్కలు కలిపిన అన్నం, అరిటాకులో చుట్టి కాల్చిన చేప. "అన్నంల పండు ఎవడేసిండు?" అన్నాడు. చేప కృష్ణదేనా అని అడిగాడు. పట్నం నుంచి ఐస్ డబ్బాలో వస్తుందంటే "ఏరు పక్కనే పెట్టుకొనా!" అని తల కొట్టుకున్నాడు. అన్నీ మామూలుగానే అడుగుతున్నాడు గానీ కన్ను మాత్రం ఆ ఖాళీ చిప్ప మీదే ఉంది. వెయిటరు రెండుసార్లు వచ్చి పోయాడు, తీయలేదు. పని ఒత్తిడిలో ఉన్నాడు. ఆయన వచ్చినప్పుడల్లా మామ ముద్ద నోటి దగ్గర ఆపి చూస్తున్నాడు. తీస్తాడా, తీయడా? దేవుడా, ఈ ఒక్క చిప్పా తీయించు అని ఆ చెక్క మొహాలకు కూడా దండం పెట్టుకునేదాన్నే.

మూడోసారి వచ్చినప్పుడు వెయిటరు మాట్లాడుతూనే, చూడకుండానే, మామ చిప్ప ఎత్తి ట్రేలో వేసుకున్నాడు. వేళ్లు లోపల పెట్టి పట్టుకున్నాడు, అంచు తడి చేతికి అంటింది, చొక్కాకు తుడుచుకున్నాడు. నాది, మా బిడ్డది కూడా తీసుకుని లోపలికి పోయాడు. వెనకే మామ లేచాడు. ఈసారి నేను ఆపలేదు.

వంటింటి తలుపు తోసుకుని మామ లోపలికే పోయాడు. "తాతా, లోపలికి రావొద్దు" అని ఎవరో అరిచారు, ఈయన ఏదో చెప్పాడు, ఎవరో నవ్వారు. పది నిమిషాలైంది. మా బిడ్డ, నేను చేతులు కడుక్కోకుండా అలాగే కూర్చున్నాం.

తిరిగొచ్చి కూర్చుని, గ్లాసు నీళ్లు గటగటా తాగాడు.

"చూసినవా?" అన్నాను.

"చూసిన. ఆయన తీస్కపోయి ఒకామె ముందట పెట్టిండు. ఆమె కడిగింది. నాది, ఆ గొలుసు సారుది, అన్ని ఒక్క తొట్లనే ఏసింది. కడిగి బోర్లిచ్చింది. ఏది ఎవరిదో మల్ల నాకు గుర్తు దొరకలే."

"ఎవరామె?"

"పేరు, ఊరు అడిగిన. గద్వాల అవుతల. మనోళ్ల పిల్లనే."

మా బిడ్డ మొహం ఎర్రబడింది. "అంటే కడిగేది మల్లా మనమేనా తాతా?"

"నాకు గూడ జర గట్లనే అనిపిచ్చింది" అన్నాడు మామ నెమ్మదిగా. "అందుకే ఇంకొకటి అడిగిన. నీకు చాయ్ దేంట్ల ఇస్తరమ్మా, చిప్పల ఇస్తరా అని."

"ఏమన్నది?"

చెప్పబోయి ఆయనకు నవ్వు ముంచుకొచ్చింది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు, అయినా ఆగలేదు.

"'అయ్యో పెద్దయ్యా, మాకు చిప్పలెందుకిస్తరు? అవి పెద్దోళ్లకు. పలిగితే మా పానం తీస్తరు. మాకు ఉత్త గ్లాసులే' అన్నది!"

నవ్వి నవ్వి దగ్గొచ్చింది, దగ్గి దగ్గి కళ్ల నీళ్లొచ్చాయి. గొలుసాయన బల్ల వాళ్లంతా మా వైపు తిరిగి చూశారు. చూడనీ. మా బిడ్డ ఏడుస్తూ నవ్వుతోంది, నేనూ అంతే. కాస్త తెరిపిన పడ్డాక ఆయన వీపు రాస్తూ అడిగాను.

"అన్నేండ్లు పట్టు పట్టినోడివి, ఇయ్యాల ఎందుకు తాగినవు మామా? నేనైతే ఇసిరి కొడ్తుంటి."

మామ కళ్లు తుడుచుకుని, ఇంత చదివించినా దీనికి బుర్ర రాలేదే అన్నట్టు నన్ను చూశాడు.

"తాగకుంటే ఇదంత నాకు ఎట్ల తెలుస్తుండె బిడ్డా?"